విరుగుడు అంటే ఏమిటి? దేనికి? ఎంతవరకు?

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల నుంచి నా వద్దకు వచ్చే రోగుల నోట తరచుగా వినిపించే ప్రశ్న ఒకటున్నది: ‘దీనికి విరుగుడు ఏమిటి?’ కారం ఎక్కువ తిన్నవారు అడుగుతారు. మామిడిపండ్లు తిని వేడిచేసినవారు అడుగుతారు. మాత్రలు వాడి నోరు పూసినవారు అడుగుతారు. తేలు కుట్టినవారు, పొలంలో పురుగుమందు చల్లి తల తిరిగినవారు కూడా ఇదే అడుగుతారు. ప్రశ్న ఒక్కటే గాని జవాబు ఒక్కటి కాదు. ఆ భేదం తెలియకపోతే కొందరికి నష్టం అజీర్ణంతో పోతుంది. మరికొందరికి ప్రాణం మీదికే వస్తుంది. కనుక ఈసారి ఏదో ఒక మూలికను గూర్చి కాక, ఈ ఒక్క మాటను గూర్చి పాఠకులకు విన్నవించదలచాను.

మాట వెనుక అర్థం

చదువుకున్న కుటుంబాలవారు ఇదే సంగతిని ‘కౌంటరాక్ట్’ అనే ఇంగ్లీషు క్రియతో చెబుతారు. ‘ఈ మాత్ర వేడిని కౌంటరాక్ట్ చేయడానికి ఏమి తాగాలండీ?’ అని అడుగుతారు. అందులో ‘కౌంటర్’ అంటే ఎదురు, ‘ఆక్ట్’ అంటే పనిచేయడం. ఒకదానికి ఎదురుగా పనిచేసి దాని ప్రభావాన్ని తగ్గించడం, లేదా లేకుండా చేయడం అని భావం. ఇది సకర్మక క్రియ. ఏది ఎదురు పనిచేస్తున్నది, దేనికి ఎదురు పనిచేస్తున్నది అనే రెండూ చెబితే గాని వాక్యం పూర్తి కాదు. ‘మజ్జిగ కౌంటరాక్ట్ చేస్తుంది’ అంటే అర్థం లేదు. ‘మజ్జిగ కారపు మంటను కౌంటరాక్ట్ చేస్తుంది’ అంటేనే అర్థం ఉన్నది.

దీనికి దగ్గరి చుట్టం ‘న్యూట్రలైజ్’ అనే మరొక క్రియ. అది ప్రభావంతో ఆగదు, ఆ పదార్థాన్నే నిర్వీర్యం చేస్తుంది. ‘యాంటిడోట్’ అనే నామవాచకం గ్రీకు భాష నుంచి వచ్చింది. ‘ఎదురుగా ఇచ్చినది’ అని దాని అర్థం, విషానికి ఇచ్చే మందుకు వాడతారు. ఇంగ్లీషులో ఈ మూడూ మూడు మాటలు. మన ఇళ్ళలో మాత్రం మూడింటికీ ‘విరుగుడు’ ఒక్కటే.

మన మాట చిన్నదేమీ కాదు. విరుగు అనే ధాతువు నుంచి వచ్చింది. కొమ్మ విరుగుతుంది, పాలు విరుగుతాయి, మనసు విరుగుతుంది. ఒక దాని బలం విరిగిపోయేటట్లు చేసేది విరుగుడు. అయితే ఏ బలాన్ని విరచాలో ముందు తెలియాలి. అందుకే ఎవరైనా విరుగుడు అడిగినప్పుడు నేను మూడు ప్రశ్నలు వేస్తాను. విరుగుడు కారణానికా? లోపల చేరిన పదార్థానికా? ఆ పదార్థం చేస్తున్న పనికా?

శాస్త్రం చెప్పిన తీరు

గురుకులంలో మాకు నిదాన పంచకం చెప్పేటప్పుడు ‘ఉపశయం’ అనే ప్రకరణం దగ్గర మా గురువుగారు చాలా రోజులు ఆగేవారు. ఏది వాడితే రోగికి సుఖం కలుగుతుందో అది ఉపశయం. ఇందులో హేతువుకు విపరీతమైనది, వ్యాధికి విపరీతమైనది, రెండింటికీ విపరీతమైనది అని మూడు విధాలు. చూడడానికి రోగం వంటిదే అయినా ఫలితంలో విపరీతంగా పనిచేసే ‘విపరీతార్థకారి’ మరి మూడు విధాలు. ఈ ఆరింటినీ ఔషధం, అన్నం, విహారం అనే మూడింటికి అన్వయిస్తే 18 భేదాలు అవుతాయి. ఇంగ్లీషువారి ఒక్క క్రియను మన పూర్వులు 18 గదులుగా విభజించారన్నమాట.

ఉదాహరణలు చూడండి. చలువ వల్ల వచ్చిన కఫజ్వరానికి వేడిచేసే శొంఠి హేతువిపరీత ఔషధం. పగటి నిద్రతో పెరిగిన కఫానికి రాత్రి మేల్కొనడం హేతువిపరీత విహారం. అతిసారంలో మసూరపప్పు కట్టు వ్యాధివిపరీత అన్నం. ఇక వాంతులతో బాధపడేవానికి వైద్యుడు సమయం చూసి మంగకాయతో మళ్ళీ వాంతి చేయించడం విపరీతార్థకారి. ఈ చివరిది వైద్యుని పర్యవేక్షణలో జరగవలసినదే గాని ఇంట్లో చేయదగినది కాదు.

‘విపరీతం’ వేరు, ‘విరుద్ధం’ వేరు అని కూడా గమనించవలెను. రోగానికి ఎదురు నిలిచి మేలు చేసేది విపరీతం. రెండు ఆహారాలు తమలో తాము కలహించి శరీరానికి కీడు చేసేది విరుద్ధం. చేపలను పాలతో కలిపి తినడం, తేనెను నేతిని సమభాగాలుగా కలపడం విరుద్ధాహారాలని చరకుడు చెప్పాడు.

కారణానికి విరుగుడు ఎంత గొప్పదో గ్రహించడానికి మొయినాబాద్ వారు గ్రంథాలు తిరగేయనక్కరలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో హైదరాబాదు నగరంలో వేలమంది మరణించారు. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా అడిగారు. వరద నగరంలోకి వచ్చాక దానితో పెనుగులాడడం కంటే ఎగువనే నీటిని పట్టి నిలపడం మేలని ఆయన సూచించారు. ఆ సూచన మీదనే మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. మొయినాబాద్ ఈ జలాశయాల పరీవాహక ప్రాంతంలోనే ఉన్నది. ఇళ్ళలో చేరిన నీటిని ఎత్తిపోయడం వ్యాధికి విరుగుడు. ఎగువన కట్టిన ఆనకట్ట హేతువుకు విరుగుడు. వైద్యంలో దీనినే నిదాన పరివర్జనం అంటారు. అన్ని విరుగుళ్ళలోను ఇదే మొదటిది.

వంటింటి విరుగుళ్ళు

మన వంటకాలలో విరుగుడు వండేటప్పుడే కలిసి ఉంటుంది. చేవెళ్ల పల్లెలలో జొన్నరొట్టె నిత్యాహారం. జొన్న రూక్ష గుణం కలది. దానికి విరుగుడుగా వెన్న, నెయ్యి, నువ్వుల పొడి ఉండనే ఉన్నవి. పుంటికూర పులుపుతో పిత్తాన్ని పెంచుతుంది. అందుకే ఉల్లిగడ్డ, నెయ్యి తోడు చేస్తారు. చింతపండు పులుసులో చిన్న బెల్లపు ముక్క వేయడం కూడా ఇటువంటిదే. కందిపప్పు, శనగపప్పు, అలసందలు వాతం చేస్తాయి కనుక ఇంగువ, జీలకర్ర, వాము పోపులో చేరాయి. చామగడ్డలో సూదులవంటి సూక్ష్మ స్ఫటికాలు ఉంటాయి. నోరు, గొంతు దురద పుట్టేది వాటివల్లనే. చింతపండు పులుసులో బాగా ఉడికిస్తే ఆ దురద తగ్గుతుంది.

కారం తిని నోరు మండినప్పుడు చాలామంది చల్లని నీళ్ళు తాగుతారు. మిరపలోని కారపు సారం నీటిలో కరగదు. కొవ్వులో కరుగుతుంది, పాలలోని మాంసకృత్తులు దానిని పట్టుకొంటాయి. కనుక పాలు, పెరుగు, లేదా నెయ్యి కలిపిన అన్నం తీసుకొనవలెను.

అతిగా తిన్న ఒక్కొక్క పదార్థానికి ఒక్కొక్క విరుగుడును మన ప్రాచీనులు పేర్కొన్నారు. కొబ్బరికి బియ్యం, మామిడికి పాలు, నేతికి నిమ్మరసం, అరటిపండుకు నెయ్యి. ఈ క్రింది యోగాలు కూడా ఇంటింటా చేసుకొనదగినవి.

భోజనానంతర బరువు, వాయువు: జీలకర్రను దోరగా వేయించి దంచిన పొడి అరచెంచా, సైంధవ లవణం చిటికెడు ఒక గ్లాసు పలుచని మజ్జిగలో కలిపి మధ్యాహ్న భోజనం తరువాత సేవించవలెను. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మానివేయవలెను.

ఒంటి వేడి, మూత్రంలో మంట: ఒక భాగం ధనియాలను నలగగొట్టి ఆరు భాగాల నీటిలో రాత్రి నానబెట్టి, ఉదయం వడగట్టి, కొద్దిగా పటికబెల్లం కలిపి పరగడుపున తాగవలెను. మంట రెండు రోజులలో తగ్గకపోయినా, జ్వరం తోడైనా మూత్రపరీక్ష చేయించవలెను. మధుమేహం ఉన్నవారు పటికబెల్లం వేసుకొనకూడదు.

నోటి పూత: మర్రి, రావి, మేడి, జువ్వి, గంగరావి అనే ఐదింటి బెరడుల కషాయం పుక్కిలించడానికి శ్రేష్ఠం. కషాయ రసం పిత్తాన్ని శమింపజేస్తుంది. చేవెళ్ల దారి పొడవునా నీడనిచ్చే మహావృక్షాలైన మర్రిచెట్ల బెరడును మాత్రం దయచేసి చెక్కవద్దు. బజారులో ఎండు బెరడు దొరుకుతుంది.

వీటికి ఒక హద్దు ఉన్నది. విరుగుడు ఉన్నదన్న ధైర్యం అతిగా తినడానికి అనుమతి కాదు. రాత్రి విందు తిని తెల్లవారి వాము నీళ్ళు తాగడం నెలకొకసారి అయితే విరుగుడు. వారానికి నాలుగు సార్లయితే అది దురలవాటు. తినే సోడా విషయంలోను అంతే. అది కడుపులోని ఆమ్లాన్ని క్షణాలలో నిర్వీర్యం చేస్తుంది గాని ఆమ్లం ఎందుకు పొంగిందో విచారించదు. దానిలోని సోడియం రక్తపోటు రోగికి మంచిది కాదు. తరచుగా మంట వచ్చేవారు రాత్రి భోజనం వేళ, టీ, కారం, పొగాకు ఈ నాలుగింటినీ ముందు చూసుకొనవలెను.

మందుకే విరుగుడైతే?

ఎదురు పనిచేయడం ఎల్లప్పుడు మేలుకే కాదు. మనం మంచిదని తీసుకొనేది, మనకు అవసరమైన మందునే విరిచివేయవచ్చు. గుండె కవాటం మార్పించుకొని రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వేసుకొనేవారు ఈ సంగతి ముఖ్యంగా తెలుసుకొనవలెను. ఆ మాత్ర విటమిన్ ‘కె’ చేసే పనికి అడ్డుపడుతుంది. పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలలో ఆ విటమిన్ సమృద్ధిగా ఉంటుంది. చేవెళ్ల, మొయినాబాద్ నుంచి నగరానికి వచ్చే తాజా ఆకుకూరలు అందరికీ అమృతమే. అయితే ఈ రోగులు ఒక వారం మానేసి మరొక వారం పళ్ళెం నిండా తింటే మాత్ర బలం తప్పుతుంది. ఆకుకూరలను మానవద్దు. ప్రతిరోజూ ఇంచుమించు ఒకే పరిమాణంలో తింటూ, చెప్పిన గడువులో రక్తపరీక్ష చేయించుకొనవలెను.

దగ్గుకు మనం వాడే అతిమధురం ఎక్కువ రోజులు, ఎక్కువ మోతాదులో తీసుకొంటే రక్తపోటును పెంచుతుంది, పొటాషియాన్ని తగ్గిస్తుంది. రక్తపోటు మాత్రలు వేసుకొనేవారికి అది ఎదురు తిరిగే మూలిక. మూలికలకు దోషమే లేదనే మాట మా శాస్త్రం ఎన్నడూ చెప్పలేదు. రక్తహీనతకు ఇనుము మాత్ర వేసుకొని వెంటనే టీ తాగితే ఇనుము వంటబట్టదు. అదే మాత్రను నిమ్మరసంతో తీసుకొంటే చక్కగా వంటబడుతుంది. థైరాయిడ్ మాత్రను కాఫీతో కాక, పరగడుపున మంచినీళ్ళతో వేసుకొని అరగంట నుంచి గంట వరకు ఆగవలెను. మీరు వాడే మాత్రల పేర్లు ఆయుర్వేద వైద్యునికి, మూలికల పేర్లు అల్లోపతి వైద్యునికి తప్పక చెప్పండి.

విషం దగ్గర మాట మారుతుంది

ఇంతవరకు చెప్పిన విరుగుళ్ళలో ఆలస్యమైనా ప్రమాదం తక్కువ. విషానికి విరుగుడు అన్నప్పుడు లెక్క నిమిషాలలో ఉంటుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం మొయినాబాద్ పక్క పల్లె నుంచి గులాబీ తోటలో మందు కొట్టే యువకుని ఆటోలో నా వద్దకు తెచ్చారు. ఒళ్ళంతా చెమట, నోటివెంట చొంగ, ఊపిరి ఎగపోత. కనుపాపలు ఆవగింజంతగా కుంచించుకొని ఉన్నవి. ‘అయ్యా, రెండు చెంబుల మజ్జిగ తాపినం, ఇంక తగ్గుతలేదు, ఏదన్న విరుగుడు ఇయ్యుండ్రి’ అని తల్లి ఏడ్చింది. మందు డబ్బా ఏదని అడిగాను. తోటలోనే ఉన్నదన్నారు. తడిసిన బట్టలు విప్పించి, సబ్బునీటితో ఒళ్ళు కడిగించి, ఒకరిని డబ్బా కోసం పరుగెత్తించి, అతనిని పక్కకు తిప్పి పడుకోబెట్టి పెద్ద ఆసుపత్రికి పంపించాను. నా మందుల బీరువా తలుపు తీయలేదు. అక్కడ అట్రోపిన్ ఎక్కించి, కొన్ని రోజులు కనిపెట్టి చూశారు. యువకుడు బ్రతికాడు.

‘అగదతంత్రం ఆయుర్వేద అష్టాంగాలలో ఒకటి కదా, విషహరాలలో దిరిసెన శ్రేష్ఠమని చరకుడే అన్నాడు కదా, మీరు ఎందుకు ఇవ్వలేదు?’ అని ఒక మిత్రుడు అడిగారు. అగదతంత్రం మాకు పూజ్యమే. ఆ గ్రంథాలు సర్పాదుల విషాన్ని, మొక్కల, ఖనిజాల విషాన్ని చూసి వ్రాసినవి. ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందులు రెండవ ప్రపంచ యుద్ధం తరువాతనే పొలాలకు వచ్చాయి. పైగా విషానికి చెప్పిన పది గుణాలలో ‘ఆశు’ ఒకటి, అంటే అతి శీఘ్రంగా వ్యాపించేది అని. ఆ ఒక్క గుణం ఎరిగిన వైద్యుడు సమయాన్ని వృథా చేయడు.

ఈ జాతి మందు నరాల చివర పనిచేసే ఒక ఎంజైమును కట్టివేస్తుంది. అందువల్ల చొంగ, చెమట, ఊపిరితిత్తులలో స్రావం పొంగుతాయి. అట్రోపిన్ ఆ విషాన్ని ముట్టుకోదు. విషం చేసే పనికి ఎదురుపని చేస్తుంది. ఇక్కడ ‘కౌంటరాక్ట్’ అన్న మాట అచ్చంగా సరిపోతుంది. అట్రోపిన్ జాతి సారం మన ఉమ్మెత్తలో కూడా ఉన్నది. విషానికి విషమే మందు అన్న మాటకు ఇది నిదర్శనం. అయినా ఎవరూ ఉమ్మెత్త గింజలు నూరి పోయకూడదు. గింజలో సారం ఎంతో కొలవలేము. కొలత తప్పితే రెండు విషాలు అవుతాయి.

తేలు విషం కూడా ఇటువంటిదే. గుండెపై, రక్తనాళాలపై అది చేసే దాడికి ప్రజోసిన్ అనే మందు ఎదురు పనిచేస్తుందని మహారాష్ట్రలోని మహాడ్‌కు చెందిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ 1980లలో చూపించారు. పాముకాటుకు ఇచ్చే సూదిమందు మాత్రం వేరు. అది విషాన్నే పట్టి నిర్వీర్యం చేస్తుంది. మన దేశంలో ఇచ్చే సూదిమందును నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర విషాలతో తయారు చేస్తారు. కాటు వేసిన చోట కోయడం, పీల్చడం, బిగించి కట్టడం చేయకూడదు. కాలు కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చవలెను.

డబ్బా మీద వ్రాసిన విరుగుడు

1968 నాటి పురుగుమందుల చట్టం, 1971 నాటి నియమావళి ప్రకారం డబ్బాతో వచ్చే కాగితంలో విషలక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు వ్రాయవలెను. డబ్బా మీద వజ్రాకారపు గుర్తు క్రింది సగంలో ఎరుపు ఉంటే అత్యంత విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ క్రమంగా తగ్గుతూ వస్తాయి. ఆకుపచ్చ అయినా విషమే. కాగితంలో ‘విరుగుడు’ అన్న చోట ఉండే మందు పేరు వైద్యుని కోసం వ్రాసినది, ఇంట్లో వాడుకొనడానికి కాదు. కొన్నింటి మీద ప్రత్యేకమైన విరుగుడు లేదనే వ్రాసి ఉంటుంది. పారాక్వాట్ అనే గడ్డిమందు అటువంటిది. గుక్కెడు మింగినా ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. దానికి విరుగుడు ఒక్కటే: మనిషి చేతికి అందకుండా ఉంచడం.

విషం సోకినప్పుడు ఇంటివారు చేయదగినవి ఇవి. మనిషిని తోట నుంచి గాలి ఆడే చోటికి తేవలెను. సాయం చేసేవారు చేతులకు ప్లాస్టిక్ సంచులైనా తొడుగుకొనవలెను. బట్టలు విప్పి సబ్బుతో, ధారాళమైన నీటితో కడగవలెను. ఉప్పునీరు పోసి వాంతి చేయించకూడదు. చాలా మందులు కిరోసిన్ వంటి ద్రావకాలలో కలిపి ఉంటాయి, వాంతిలో ఊపిరితిత్తులలోకి పోతాయి. మగతగా ఉన్నవానికి మజ్జిగ, నిమ్మరసం, కోడిగుడ్డు సొన ఏవీ పోయకూడదు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోను చేసి, డబ్బాను రోగితో పాటు పంపవలెను. మింగినది తెలిసి మింగినదైనా ఇదే పద్ధతి. నిందలు, విచారణలు తరువాత.

కారణానికి విరుగుడు ఇక్కడ కూడా శ్రేష్ఠం. గాలికి ఎదురుగా నిలిచి మందు చల్లకూడదు. ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగులు, నిండు చేతుల చొక్కా ఉండవలెను. చల్లిన తరువాత కాగితంలో చెప్పినన్ని రోజులు గడిచేవరకు కూరగాయలు కోయకూడదు. నగరంలో కొనేవారు కూరగాయలను జారే నీటిలో రుద్ది కడగవలెను. పైనున్నది చాలావరకు పోతుంది, లోపలికి ఇంకినది పోదు. మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి వంటింటి గూట్లో పెట్టే అలవాటు ఏ ఇంట ఉన్నా ఈ రోజే మానవలెను.

విరుగుడు అడిగే ముందు దేనికి అడుగుతున్నామో ఒక్క క్షణం ఆలోచించండి. తిన్నదానికైతే వంటింట్లో వెతకండి. మందుకైతే వైద్యుని అడగండి. విషానికైతే అడగడానికి కూడా ఆగకుండా బండి ఎక్కించండి.